పనిలో దాచుకున్న పేరు

ఈసారి కొంచెం కంప్యూటర్ సంగతి. భయపడకండి, చివరికి మన సావనీరు దగ్గరికే వస్తాను.

పోయిన ఆదివారం మనవడు నా ఫోను తీసుకుని, "తాతా, ఇందులో ఒక బొమ్మ దాక్కుని ఉంది, తెలుసా?" అన్నాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఆండ్రాయిడ్ వెర్షన్ అని ఉన్నచోట టకటకా నాలుగైదుసార్లు తట్టాడు. ఎక్కడినుంచో ఒక బొమ్మ ఊడిపడింది! దీన్ని ఈస్టర్ ఎగ్ అంటారట.

పెరంబూరు వాళ్లకు ఈస్టర్ కొత్త కాదు. లూర్దు మాత గుడి ఉన్న ఊరు, ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబాలు బతికిన ఊరు. రంగులు వేసిన గుడ్లు దాచిపెట్టి పిల్లలచేత వెతికించడం ఆ పండుగలో ఒక ఆట. ఆ పేరు కంప్యూటర్‌కు ఎలా వచ్చిందో చదివాను. చదివాక రాత్రి నిద్ర పట్టలేదు.

అమెరికాలో అటారీ అనే వీడియో ఆటల కంపెనీ ఉండేది. ఆట పెట్టె మీద కంపెనీ పేరే తప్ప, చేసినవాడి పేరు ఉండేది కాదు. వారెన్ రాబినెట్ అనే ఉద్యోగి 'అడ్వెంచర్' అనే ఆటను ఒంటిచేత్తో తయారుచేశాడు. మొత్తం 4 కిలోబైట్లు. నేను రాసిన ఈ పోస్టు కూడా అందులో పట్టదు! అంత ఇరుకులోనూ ఆయన ఒక రహస్యపు గది కట్టాడు. కంటికి ఆనని చిన్న చుక్కను వెతికి పట్టుకుని, సరైన చోటికి మోసుకెళ్తే గోడ దాటి లోపలికి పోవచ్చు. అక్కడ ఈ ఆట చేసింది వారెన్ రాబినెట్ అని రాసి ఉంటుంది. అంతే. ఎవరికీ చెప్పకుండా ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు.

1980లో సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక కుర్రవాడు ఆ గదిని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాశాడు. తీసేద్దామంటే చిప్పులు మళ్లీ చేయించాలి, బోలెడు ఖర్చు. స్టీవ్ రైట్ అనే అధికారి, ఉండనివ్వండి, ఈస్టర్ గుడ్లలాగా పిల్లలు వెతుక్కుంటారు అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. ఇదే మొదటిది కాదులెండి. 1977 నాటి 'స్టార్‌షిప్ 1' అనే ఆటలోనూ ఒకటి ఉందని 2017లో బయటపడింది.

పేరు దాచుకోకుండా గడప దాటినవాళ్లూ ఉన్నారు. 1979లో ఆ కంపెనీ నుంచే నలుగురు బయటికి వచ్చి యాక్టివిజన్ పెట్టారు. ఆట చేసినవాడి పేరు అందరికీ తెలిసేలా చెప్పారు.

తరువాత మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ 97లో, లెక్కల గళ్ల వెనక, కొండల మీద ఎగిరే ఆట ఒకటి దాచారు. ఎగురుతూ పోతే ఒక రాతి మీద తయారుచేసినవాళ్ల పేర్లు కనిపించేవి. 2002లో బిల్ గేట్స్ భద్రతే ముఖ్యమని ఉద్యోగులకు రాశాక అలాంటివి మానేశారు. అదీ న్యాయమే. జీవితమంతా లెజర్లు రాసినవాణ్ని, చెప్తున్నాను: ఎవరికీ తెలియని పేజీ లెక్కల పుస్తకంలో ఉండకూడదు. కానీ పేరుకు బయట చోటు ఇచ్చి ఉంటే, లోపల దాచే అవసరం వచ్చేదా?

ఈ విషయంలో మన పెద్దలు తెలివైనవాళ్లు. క్షేత్రయ్య పదాల్లో 'మువ్వగోపాల', శ్యామశాస్త్రి కృతుల్లో 'శ్యామకృష్ణ', త్యాగయ్య కీర్తనల్లో ఆయన పేరే. దాన్ని ముద్ర అన్నారు. దీక్షితులైతే చాలా కృతుల్లో రాగం పేరును కూడా సాహిత్యంలోనే పొదిగారు. తెలిసినవాడికి అది రాగం పేరు, తెలియనివాడికి మామూలు మాట. పాడే ప్రతి నోరూ ఆ ముద్రను పలికి తీరాలి. ఎవరూ కొట్టెయ్యలేరు.

మన ఇంటి పక్కనే ఇంకొకటి ఉంది. 1955 అక్టోబరు 2న నెహ్రూ గారు ప్రారంభించిన ఐసీఎఫ్. రైలు పెట్టె మీద ఉన్న నంబరులో మొదటి రెండు అంకెలు సాధారణంగా అది తయారైన సంవత్సరం. 98తో మొదలైతే 1998 అన్నమాట. పెట్టెకు పుట్టిన సంవత్సరం ఉంది. దాన్ని అతికిన వెల్డరు పేరు ఎక్కడా లేదు. ఆ వెల్డర్లలో మన తెలుగువాళ్లు ఎంతమందో! మన వీధుల్లోనే ఉన్నారు, అడిగి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. మన సావనీరులో చందా ఇచ్చినవాళ్ల పేర్లు, ఫొటోలు వేస్తున్నాం, మంచిదే. ఉగాది రోజు తెల్లవారుజామునే వచ్చి వంట చేసినవాళ్లు, కుర్చీలు మోసినవాళ్లు, ఆదివారం పిల్లలకు అఆలు దిద్దించే అమ్మలు, వీళ్ల పేర్లకు చోటు లేదని పోయిన మీటింగులో అన్నారు. ఒక్క పేజీ చాలు. ఖర్చు సంగతైతే నా పెన్షన్లోంచి ఇస్తాను. అందులో నా పేరు వేయొద్దు.

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ని, తప్పులుంటే దిద్దండి. ఆ పేజీకి మాత్రం సరే అనండి.