గన్నుకు దొరకని జ్వరం

2021 ఏప్రిల్ ఆఖరి వారం. జీడిమెట్ల పారిశ్రామికవాడ. రాత్రి కర్ఫ్యూ అయిదింటికి ముగిసిందో లేదో, షాపూర్‌నగర్ వైపు నుంచి షేర్ ఆటోలు కిక్కిరిసి వస్తున్నాయి. మందుల ఫ్యాక్టరీ గేటు ముందు సున్నంతో గీసిన గడిలో మీరు నిలబడ్డారు. గడికొక్కరే అని బోర్డు పెట్టారు. సైరన్ మోగేలోగా లోపలికి పోకపోతే సగం పూట హాజరు పోతుంది. ఇక గడులను ఎవరు చూస్తారు?

మీ ముందున్న ప్యాకింగ్ కుర్రాడు సీసాలో నీళ్లతో రుమాలు తడిపి నుదురు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. మాస్కు దించి డోలో గోలీ మింగాడు.

"జరమొచ్చిందా తమ్మీ?"

"మెల్లగనే అన్నా, వాచ్‌మన్ ఇంటడు. మొన్న రెండ్రోజులు రాకుంటే రెండ్రోజుల పైసలు కట్ చేసిండ్రు."

వాచ్‌మన్ జ్వరం చూసే గన్ను ఎత్తాడు. 97.4. "పో పో." రిజిస్టర్లో అంకె ఎక్కింది.

లోపల ఏసీ హాలు, మూసిన కిటికీలు. బెల్టు మీద గోలీల అట్టలు వస్తుంటే మీరిద్దరూ భుజం భుజం తగిలేలా డబ్బాల్లో సర్దుతున్నారు. అతని దగ్గు మిషన్ చప్పుడులో కలిసిపోతోంది. తయారయ్యేది జ్వరం మందే, చూడండి!

కార్మికుల బీమా ఈఎస్ఐ లేదా అంటారేమో. ఉంది. అతని జీతంలో 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కలపాలి. డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం కూలి వస్తుంది. అయితే జబ్బుపడ్డ మొదటి రెండు రోజులు లెక్కలోకి రావు. అంతకుముందు ఆరు నెలల చందా లెక్కలో 78 రోజులైనా పడి ఉండాలి. కాంట్రాక్టర్ కట్టాడో లేదో కుర్రాడికి తెలియదు. అడిగితే రేపటి నుంచి రావద్దంటాడని మాత్రం తెలుసు.

క్యాంటీన్‌లో అందరి మాస్కులూ గడ్డాల కిందికి దిగాయి. కుర్రాడు అన్నం ముద్ద కలిపి, తినలేక ప్లేటు పక్కకు నెట్టాడు. వాసన తెలియడం లేదట. మీరు కాస్త వెనక్కి జరిగారు. జరగడానికి మాత్రం చోటేదీ?

కొవిడ్ సోకిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 20 రోజుల దాకా సెలవు ఇచ్చేలా ఆ జూన్‌లో ఢిల్లీ ఉత్తర్వు ఇచ్చింది. మంచి పనే. ఈ లైన్లో ఉన్నవాళ్లకు అది వర్తించలేదు.

యజమానులారా, మళ్లీ మహమ్మారి వస్తే గన్నులు తర్వాత కొనొచ్చు. ముందు ఆ రెండు రోజుల కూలి ఇవ్వండి.