అధఃశయ్యా నియమం – శ్రీశైల పాదయాత్రికుని గొంగడి

శ్రీశైల మహాక్షేత్రానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారాలని ప్రసిద్ధి. వీటిలో అలంపురం, ఉమామహేశ్వరం రెండూ పాలమూరు సీమలోనివే. ఈశాన్య ఉపద్వారమైన ఏలేశ్వరం నల్లగొండ సీమలో కృష్ణాతీరాన ఉండేది. నాగార్జునసాగర జలాశయంలో అది నేడు మునిగి ఉన్నది. కనుక మల్లికార్జున దర్శనార్థం ఉత్తరదిక్కు నుండి నడిచివచ్చిన భక్తులకు ఈ రెండు మిట్టసీమలే త్రోవ, విశ్రాంతిస్థానం, కొండ ఎక్కడానికి ముందు సంభారాలు సమకూర్చుకొనే చోటు.

ఆ సంభారాలలో ముఖ్యమైనది పడక. శాస్త్రవిచారంలో దీనిని ఎవరూ అంతగా పట్టించుకోరు. జపమాల గురించి, విభూతి గురించి పుటలకు పుటలు వ్రాస్తారు. రాత్రి పండుకొనే గుడ్డ గురించి ఒక వాక్యమైనా ఉండదు. అయితే మాఘ బహుళ చతుర్దశికి చేరాలని బయలుదేరిన యాత్రికుడు పగలు ఎండలో నడిచి, రాత్రి నల్లమలలో మంచు కురుస్తుండగా నేలపై పండుకొంటాడు. దీక్షలో ఉన్నవానికి మంచం నిషిద్ధం. మోసుకొని పోవలసినది తన భుజంపైనే. ఈ మూడు నిర్బంధాల మధ్య ఏ పడక ఎంచుకోవాలనే ప్రశ్నకు ఈ సీమ ప్రజలు శతాబ్దాలుగా ఇచ్చిన సమాధానం ఒక్కటే, నల్లగొంగడి.

శ్రీశైల యాత్ర ప్రాచీనతకు పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రయే సాక్ష్యం. అందులోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి కొండకు పోయే జనసమూహం, వారు పాడుకొనే పదాలు, వారి భక్త్యావేశం కళ్లకు కట్టినట్లు వర్ణింపబడ్డాయి. ఆ సోమనాథుడు జనగామ ప్రాంతపు పాలకుర్తివాడు. అంటే ఈ మిట్టల నడకను ఎరిగిన కవి. 14వ శతాబ్దిలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి సోపానాలు కట్టించాడు. మెట్లు కట్టించవలసినంత జనం కాలినడకన వచ్చేవారని దీనివల్ల తెలుస్తున్నది.

పల్లకీలో వచ్చినవారూ లేకపోలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం దర్శించి, పిమ్మట కృష్ణ దాటి వనపర్తి, జడచర్ల మీదుగా హైదరాబాదు చేరారు. 1831 సెప్టెంబరు 3న మద్రాసుకు తిరిగివచ్చారు. వారి వెంట బోయీలు, పరివారం ఉన్నారు గనుక పడక బరువు వారికి సమస్య కాదు. అదే త్రోవలో, అదే సంవత్సరం, పేరు లేని యాత్రికులు ఎందరో తమ పడకను తామే మోసుకొని నడిచి ఉంటారు. వారు గ్రంథాలు వ్రాయలేదు. వారి చరిత్ర వారు కప్పుకొన్న వస్త్రంలోనే వెదకవలసి ఉన్నది.

ఇక శాస్త్రం వైపు చూద్దాం. బ్రహ్మచారికి, వ్రతస్థునికి, వానప్రస్థునికి అధఃశయ్య విధింపబడింది. దీని అర్థం వట్టి నేలపై దేహాన్ని పారవేయమని కాదు. ఖట్వను, తూలికను, అనగా మంచాన్ని, దూదిపరుపును విడువమని. ఎత్తును, మెత్తదనాన్ని త్యజించడమే నియమం; రోగాన్ని ఆహ్వానించడం నియమం కాదు. భగవద్గీత ఆరవ అధ్యాయంలో యోగాసనం గురించి చెబుతూ భగవానుడు అది మరీ ఎత్తుగాను, మరీ పల్లంగాను ఉండరాదని, వస్త్రం, అజినం, కుశలతో కూడి ఉండాలని ఉపదేశించాడు. శంకర భగవత్పాదులు తమ భాష్యంలో ఇక్కడ పాఠక్రమానికి విపరీతంగా క్రమాన్ని గ్రహించాలన్నారు. అంటే అడుగున కుశలు, వాటిపై అజినం, అన్నిటికన్నా పైన వస్త్రం. నేలలోని చెమ్మను దర్భ ఆపుతుంది. చలిని అజినం ఆపుతుంది. చర్మానికి తగిలేది మృదువైన వస్త్రం.

ఈ క్రమాన్ని మనసులో ఉంచుకొని నల్లమలలో రాత్రి మకాం చేసే గొల్ల కురుమల పడకను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అడుగున ఎండుగడ్డి లేదా ఎండుటాకులు, దానిపై గొంగడి, దానిపై పలుచని నూలు దుప్పటి. వారికి భాష్యం చెప్పినవారెవరూ లేరు. నేల, చలి, చర్మం అనే మూడింటి స్వభావం ఒక్కటే గనుక ఇద్దరూ ఒకే చోటికి చేరారు. అజినం స్థానంలో ఆవికం, అనగా గొఱ్ఱె ఉన్ని వచ్చింది. అంతే భేదం.

ఈ మార్పునకు ప్రమాణం లేదనుకోరాదు. తెలుగు వైదికులలో అధికసంఖ్యాకులు ఆపస్తంబ సూత్రానుయాయులు. ఆపస్తంబ ధర్మసూత్రం బ్రహ్మచారి ధరించదగిన అజినాలను వర్ణభేదాన్ని అనుసరించి వేర్వేరుగా చెప్పి, వెంటనే గొఱ్ఱెకు సంబంధించినది మాత్రం సర్వవర్ణాలకూ తగినదని, కంబళం కూడా అట్టిదేనని విధించింది. సూత్రకారులు అక్షరాలను పొదుపుగా వాడేవారు. కంబళానికి ప్రత్యేకంగా ఒక సూత్రం కేటాయించారంటే అది ఊరక చెప్పినది కాదు. కృష్ణాజినం ఒకరికి, రురుచర్మం మరొకరికి. కంబళం మాత్రం అందరికీ. నేటి కాలానికి మరొక కారణం కూడా తోడైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత జింకచర్మం, పులిచర్మం కొనడం, అమ్మడం దండనీయమైన నేరాలు. యాత్రకు అజినం కావాలని అడవి అంచుల్లో విచారించే భక్తులు ఇప్పటికీ ఒకరిద్దరు ఉంటారు. వారికి ఆపస్తంబుల మాటే చాలు.

శుద్ధి విషయం కూడా చూడవలసినదే. దూరయాత్రలో నిత్యం బట్ట ఉతికి ఆరవేయడం సాధ్యం కాదు. నూలు గుడ్డ తడిపి ఆరవేస్తే తప్ప మడికి పనికిరాదు. ఉన్నికి ఆ నిర్బంధం లేదు. వైదిక గృహాలలో ధావళి కట్టుకొని వంట చేయడం, కంబళిపై కూర్చుండి జపం చేయడం ఈ నియమంవల్లనే. మనుస్మృతి ఐదవ అధ్యాయంలో పట్టును, ఉన్నిని చౌడుమట్టితోను, కుతపమనే కంబళాన్ని కుంకుళ్లతోను శుద్ధి చేయాలని చెప్పబడింది. చౌడు, కుంకుడు రెండూ ఈ సీమలో అపురూపమైనవి కావు.

ఇక్కడ గమనింపదగినది మరొకటి కలదు. ఆ గొంగడిని నేసినది కురుమలు. గొఱ్ఱెలను కాచి, కత్తిరించి, ఉన్నిని ఏకి, ఆడవారు నూలు వడకగా, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, మగవారు మగ్గంపై నేస్తారు. ఇన్ని చేతులు పడిన ఆ వస్త్రం అగ్రహారంలోనికి వచ్చినప్పుడు దానికి ఎవరూ శుద్ధి అడుగలేదు. అంటరానితనం మాటను ఎంత పట్టుదలగా పాటించిన ఇంటనైనా కురుమల గొంగడి నేరుగా దేవతార్చన గదిలో పరచబడింది. ఆచారం తానే గీచిన గీతను తానే దాటిన చోటు ఇది. కురుమూర్తి జాతరలో స్వామికి చర్మకారులు చేసిన ఉద్దాలు ఉత్సవంగా వస్తాయి, తలపై పెట్టుకొని మరీ భక్తులు తరిస్తారు. పాలమూరు సీమలో దైవం నడకకు, నిద్రకు కావలసిన వస్తువులను ఎవరి చేతినుండి గ్రహించాడో ఆలోచించదగినది.

శ్రీశైల మల్లన్నకు కురుమలతో సంబంధం వస్త్రం వరకే కాదు. మల్లన్న, బీరప్ప వారి కులదైవాలు. ఒగ్గుకథలలో మల్లన్న కథయే ప్రధానం. అడవిలోని చెంచులకైతే ఆయన చెంచు మల్లయ్య, తమ ఆడపడుచును పెండ్లాడిన అల్లుడు. కొండదారి చూపినవారు చెంచులు, కప్పుకొనే గుడ్డ ఇచ్చినవారు కురుమలు. వారి మధ్యగా వేదమంత్రాలతో వైదికుడు నడిచి పోయాడు.

ఇప్పుడు బరువు విషయం. పెద్ద గొంగడి రెండు మూడు కిలోలుంటుంది. దీనిని తేలిక పడక అనడం ఎట్లా అని నేటి యాత్రికుడు అడుగవచ్చు. అడుగదగిన ప్రశ్నే. వైయాకరణులు అర్ధమాత్ర తగ్గితే పుత్రోత్సవం జరిగినంత సంతోషిస్తారని శాస్త్రజ్ఞుల మధ్య ఒక మాట ఉన్నది. వారికి లాఘవమంటే ఒక్కొక్క పదాన్ని చిన్నది చేయడం కాదు. ఒకే సూత్రంతో పది ప్రయోగాలు సాధించడం. గొంగడి లాఘవం అటువంటిది. పరిస్తే పడక, మడిస్తే ఆసనం, కప్పితే చలికి రక్ష, కొప్పెర పెడితే వానకు గొడుగు, మూటకడితే బియ్యం సంచి, భుజాన వేసుకొంటే కావడిబద్దకు మెత్త. పరుపు, దుప్పటి, వానగుడ్డ, ఆసనం, సంచి వేర్వేరుగా మోసేవాని బరువును దీనితో పోల్చి చూడాలి.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. ఈతచాప తేలికే, చెమ్మను కొంత ఆపుతుంది. కాని పొడవుగా చుట్టి మోయాలి, పొదలలో తట్టుకొంటుంది, చలికి పనికిరాదు. పాతచీరల బొంత ఇంట్లో సుఖం. మంచుకు తడిసిందంటే మధ్యాహ్నం వరకు ఆరదు, బరువు రెట్టింపవుతుంది. నూలుదుప్పటి ఒక్కటే తీసుకొని వెళ్లినవారు తెల్లవారుజామున మంట చుట్టూ చేరుతారు. ఉన్ని స్వభావం వేరు. తన బరువులో సుమారు మూడోవంతు తేమను పీల్చుకొన్నా తాకితే తడి తెలియదు, వెచ్చదనం పోదు. నిప్పురవ్వ పడితే మంటగా లేవదు. చుట్టూ కొంచెం కమిలి ఆరిపోతుంది. అయితే దోషాలూ ఉన్నాయి. క్రొత్త గొంగడి ఒంటిని గుచ్చుతుంది. అందుకే పైన నూలుగుడ్డ. పల్లేరుకాయలు పట్టుకొంటే ఏరుకోవడానికి ఒక జాము పడుతుంది. పాము, తేలు గొంగడి వెంట్రుకలపైకి రావని జనశ్రుతి. దానిని నమ్మి చూసుకోకుండా పండుకోవడం మాత్రం వివేకం కాదు.

మంట అనే మాట వచ్చింది గనుక ఒక విషయం చెప్పాలి. పూర్వం యాత్రికులకు నెగడే సగం పడక. నేడు అచ్చంపేట దాటి మన్ననూరు నుండి ఫరహాబాదు, వటువర్లపల్లి, దోమలపెంట మీదుగా పాతాళగంగకు పోయే డెబ్బై ఎనభై కిలోమీటర్ల త్రోవ పులుల అభయారణ్యంలోనిది. అక్కడ నిప్పు రగిలించడం నిషిద్ధం, అది న్యాయమైన నిషేధమే. మాఘమాసంలో ఎండిన గడ్డిలో ఒక్క రవ్వ చాలు. కనుక ఒకప్పుడు కట్టెలు ఇచ్చిన వెచ్చదనం ఇప్పుడు బట్టయే ఇవ్వాలి.

దుకాణాలలో దొరికే పలుచని నురగచాపలు, సంచివలె ఉండే పడకలు దీక్షకు భంగకరమా అని పలువురు అడుగుతుంటారు. అధఃశయ్యా నియమం పైన చెప్పినట్లు ఎత్తును, మెత్తదనాన్ని నిషేధించినది. వేలెడు మందం లేని చాప తూలిక కాదు. అది కుశలు చేసే పనినే చేస్తుంది. వృద్ధులు, మోకాళ్ల నొప్పులవారు దానిని అడుగున వేసుకొంటే నియమానికి లోపం రాదు. గాలి నింపి పరుపులా ఉబ్బించుకొనేవి వేరు, అవి మంచం లేని మంచాలు. ఇక చాపపైన పరచుకొనేది, జపానికి కూర్చునేది ఉన్నియే అయితే ఆపస్తంబుల వాక్యానికి అనుగుణంగా ఉంటుంది.

అయితే ఆ ఉన్ని దొరకడమే నేడు కష్టమైనది. గొంగడికి మూలం దక్కనీ గొఱ్ఱె. నల్లని ముతక ఉన్ని దాని సొత్తు. మాంసానికి గిరాకీ పెరిగిన తరువాత, త్వరగా బరువు పెరిగే నెల్లూరు జాతి పొట్టేళ్లతో మందలను సంకరపరచారు. నెల్లూరు గొఱ్ఱెకు ఉన్ని ఉండదు, పొట్టివెంట్రుకలే. రెండు మూడు తరాలు గడిచేసరికి పిల్లలకూ ఉన్ని పోయింది. మంద మిగిలింది, మగ్గం ఆగింది. నారాయణపేట వైపు గ్రామాలలో వృద్ధులైన నేతగాండ్రు కొందరు ఇంకా నేస్తున్నా, ఉన్ని కోసం వారు దూరం పోవలసివస్తున్నది. కొన్ని ఇండ్లలో తాతల నాటి గొంగడిని చిరుగులు కుట్టి మనుమడు యాత్రకు తీసుకొని పోతున్నాడు.

జాతర అంగళ్లలో గొంగడి పేరుతో కుప్పలుగా అమ్మేవి అధికభాగం పానిపట్టు మిల్లులవి. పాత ఊలుబట్టలను చీల్చి, కృత్రిమ తంతువులు కలిపి నేసినవి. తేలికగా ఉంటాయి, ధర తక్కువ, రంగు నలుపే. అవి ఆవికం కావు. రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకొంటాయి. కొనేవారు అంచునుండి ఒక్క పోగు లాగి, దుకాణదారుని అనుమతితో నిప్పుకు చూపితే నిజం తెలుస్తుంది. గొఱ్ఱె ఉన్ని అయితే తలవెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే బూడిదై రాలుతుంది. కల్తీ అయితే పోగు చివర గట్టి నల్లపూస మిగులుతుంది.