ఫైలుకు దస్తూరి ఉండదు

మా ఊరు నారాయణఖేడ్. ఉద్యోగం హైదరాబాద్‌లో. కిందటేడు ఒక శుక్రవారం రాత్రి నాకు చదువు చెప్పిన సారు ఫోన్ చేశారు. ఖేడ్ దగ్గర ఒక బడిలో పనిచేస్తున్నారు. బడి పేరు ఇక్కడ చెప్పను.

"ఏం రా, నువ్వు సాఫ్ట్‌వేర్ల ఉన్నవ్ గదా. మా బళ్లె ఒక పోరడు కంప్యూటర్ హ్యాక్ చేసిండంటున్నరు. ఒక్కసారి వచ్చి ఆ ఫైల్ చూసిపో. పెద్దసారు టీసీ ఇచ్చి పంపేస్తమంటున్నడు."

నేను కోడ్ రాసేవాణ్ణి, ఫోరెన్సిక్ నిపుణుణ్ణి కాను. అదే మాట చెప్పాను. "అదంత నాకు తెల్వది, నువ్వైతే రా" అన్నారు. శనివారం పొద్దున బస్సెక్కాను.

విషయం ఇది. పదో తరగతి లెక్కల ఇంటర్నల్ మార్కులు, ఇరవైకి ఇన్ని అని, ఒక ఎక్సెల్ ఫైల్‌లో ఉన్నాయి. రిజిస్టర్‌లో 19 ఉన్న ఒక అమ్మాయికి ఫైల్‌లో 6 కనబడింది. వాళ్ల నాన్న వచ్చి గొడవపడ్డాడు. ఒకరికి తగ్గిందంటే ఇంకెవరికో పెరిగి ఉండాలని వెతికారు. రెండో నంబరు పిల్లవాడికి 11 ఉండాల్సిన చోట 20 ఉంది. సార్లకు టైపింగ్‌లో సాయం చేసేది వాడే. ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి చూస్తే చివరిగా మార్చిన సమయం రాత్రి 2:14. అర్ధరాత్రి బడి కంప్యూటర్‌లోకి దూరాడంటే హ్యాకింగే కదా! అక్కడితో విచారణ ముగిసింది. నేను వెళ్లేసరికి పిల్లవాడు బడికి రాక నాలుగు రోజులైంది.

ఆ గదిలో నేనేం చూశానో చెప్పేముందు, ఇట్లాంటి సందర్భాల్లో మనవాళ్లు ఇదివరకు ఏం చేసేవాళ్లో చెప్పాలి.

నారాయణఖేడ్ 1956 దాకా నిజాం నాటి బీదర్ జిల్లాలో ఉండేది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడే తాలూకా. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో మెదక్ జిల్లాకు వచ్చింది, 2016 అక్టోబర్‌లో సంగారెడ్డి జిల్లాలో చేరింది. జిల్లాలు మారినా భూమి తగాదాల్లో జనం ఇప్పటికీ ఎత్తే పేరు ఒకటే, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. మా తాత తరంలో పహాణీలో పేరు మారితే ముందు అడిగే ప్రశ్న "ఎవరి దస్తూరి?" అని. పట్వారీ చేతిరాత ఊరందరికీ తెలుసు. కొట్టివేత ఉంటే సిరా రంగు చూసేవాళ్లు, పక్కన సంతకం ఉందా అని చూసేవాళ్లు. పట్వారీలు మోసం చేయలేదని కాదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థనే రద్దు చేయడానికి కారణాలు ఊరూరా ఉన్నాయి. కానీ మోసం జరిగినా చెయ్యి ఎవరిదో కాగితం మీద మిగిలేది.

బ్రిటిష్ ప్రభుత్వం దీన్ని ఒక శాఖగానే మార్చింది. 1904లో బెంగాల్ ప్రభుత్వం చేతిరాత నిపుణుణ్ణి నియమించింది. 1906లో ఆ కార్యాలయం సిమ్లాకు వెళ్లింది. ప్రశ్నార్థక పత్రాల పరిశీలకులు అనే వ్యవస్థ అట్లా మొదలైంది. దాని శాఖ ఒకటి తర్వాత హైదరాబాద్ రామంతాపూర్‌కు వచ్చింది. చేతిరాతలు చూసిన ఆ కార్యాలయమే కంప్యూటర్లు వచ్చాక హార్డ్‌డిస్క్‌లు చూడటం మొదలుపెట్టింది. ఉద్యోగ రీత్యా ఈ మార్పు నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. ప్రశ్న పాతదే, "ఇది ఎవరు రాశారు?" అని. ఫైలుకు మాత్రం దస్తూరి ఉండదు. ఎవరు నొక్కినా 'అ' ఒకే 'అ'.

మన శాసన పరిశోధకులకు ఇంకో పద్ధతి తెలుసు. దొంగ తామ్రశాసనాలు మనకు కొత్త కాదు. జె. ఎఫ్. ఫ్లీట్ అట్లాంటివాటిని జాబితాలుగా వేశాడు. శాసనం తనది ఏ శతాబ్దమని చెప్పుకున్నా, లిపి తర్వాతిదైతే అనుమానించాలి. చెప్పిన తిథికి చెప్పిన వారం రాకపోతే అనుమానించాలి. అంటే పత్రం తన గురించి తాను చెప్పుకునే తేదీని ఊరికే నమ్మకూడదు, బయట ఇంకోదానితో సరిచూడాలి. ఆ శనివారం నాకు పనికొచ్చింది ఇంజనీరింగ్ చదువు కన్నా ఈ సూత్రమే.

ఆ కంప్యూటర్ ఆన్ చేయగానే కుడివైపు కింద తేదీ చూశాను. జనవరి 1, అదీ ఎన్నో ఏళ్ల కిందటిది. టైమ్ అర్ధరాత్రి దాటి రెండు నిమిషాలు. బయట ఎండ మండుతోంది. మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోయి చాలాకాలమైంది. ఇంటర్నెట్ లేదు కాబట్టి గడియారాన్ని సరిచేసే దిక్కూ లేదు. ప్లగ్ తీసి మళ్లీ పెట్టిన ప్రతిసారీ ఆ యంత్రానికి అదే జనవరి ఒకటి, అదే అర్ధరాత్రి. సార్లకు తప్పు తేదీ అలవాటైపోయింది. టైమ్‌ను మాత్రం నిజమని నమ్మారు.

మరి 2:14 అంటే ఏమిటి? కంప్యూటర్ ఆన్ చేసిన రెండు గంటల పద్నాలుగు నిమిషాలకు అని. బడి తెరిచి పొద్దున పదింటికి ఆన్ చేస్తే, మధ్యాహ్నం పన్నెండుంపావు. అర్ధరాత్రి దొంగ అక్కడే మాయమయ్యాడు. కానీ ఏ రోజు మధ్యాహ్నమో ఆ ఫైల్ చెప్పలేదు, దానికి రోజులన్నీ ఒకటే.

తర్వాత మార్కులు. రిజిస్టర్ తెప్పించి ముప్పై ఎనిమిది మందివీ కూడాను. ఫైల్‌లో మొత్తం, రిజిస్టర్‌లో మొత్తం ఒకటే. ఇది చాలదు, ఒకరికి పెంచి ఒకరికి తగ్గించినా మొత్తం అంతే వస్తుంది. అందుకని రెండు జాబితాలనూ పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా రాసి ఒక్కొక్కటే పోల్చాను. ఒక్క అంకె కూడా తేడా లేదు. ఎవరి మార్కూ ఎవరూ దిద్దలేదు. ఉన్న మార్కులే పేర్లు తప్పాయి. మొదటి నంబరుకు 20, రెండో నంబరుకు 20, మూడుకు 19, అట్లా దిగుకుంటూ ముప్పై ఎనిమిదో నంబరు అమ్మాయికి 6. ఎవరో పేర్లను వదిలేసి మార్కుల గడిని ఒక్కదాన్నే ఎంచుకొని 'సార్ట్' నొక్కారు. పక్క గడులను కూడా కలుపుకోవాలా అని ఎక్సెల్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. దాన్ని చదవకుండా దాటేసి ఉంటారు. నా ఆఫీసులో నేనే రెండుసార్లు ఆ పని చేశాను. నాలుగు రోజులుగా అందరూ ఆ ఇద్దరి వరుసలే చూశారు, గడిని పైనుంచి కిందికి చదివినవాళ్లు లేరు.

హ్యాకింగ్ అన్న మాట ఎంత తొందరగా నోట్లోకి వస్తుందో మన రాష్ట్రం 2023 మార్చిలో చూసింది. ఆ నెల 11న తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ తన కంప్యూటర్ హ్యాక్ అయినట్లు అనుమానముందని చెప్పి, మరునాటి టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పరీక్షను వాయిదా వేసింది. రెండు మూడు రోజుల్లోనే కథ మారింది. బయటివాళ్లు గోడ దూకలేదు. నెట్‌వర్క్ చూసే ఉద్యోగి, కమిషన్‌లోనే పనిచేసే ఇంకో ఉద్యోగి కలిసి కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్ నుంచి ప్రశ్నపత్రాలను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నారని పోలీసుల అభియోగం. మార్చి 17న గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. అంతకుముందు అక్టోబర్ 16న దాన్ని రాసినవాళ్లు రెండు లక్షల ఎనభై వేలకు పైనే. జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. మూడోసారి ప్రిలిమ్స్ 2024 జూన్ 9న. అశోక్‌నగర్ గదుల్లో అద్దెలు కట్టుకుంటూ కూర్చున్న మా ఖేడ్ పిల్లలకు ఆ ఏడాదిన్నర ఏమైందో నేను దగ్గరగా చూశాను.

ఇట్లాంటి కేసుల్లో అసలు బరువు ఒక ఫైల్ మీదే పడితే ఏమవుతుందో చెప్పడానికి వ్యాపం కంటే మంచి ఉదాహరణ లేదు. మధ్యప్రదేశ్ పరీక్షల మండలి కుంభకోణంలో 2013 జులైలో ఇందోర్ పోలీసులు మండలి సిస్టమ్ అనలిస్ట్ హార్డ్‌డిస్క్ పట్టుకున్నారు. అందులో ఒక ఎక్సెల్ షీటు. ఏ అభ్యర్థిని ఎవరు సిఫారసు చేశారో రాసి పెట్టుకున్నది. పోలీసులే ఆ షీటులో పెద్దవాళ్ల పేర్లు మార్చారని ఒక పక్షం ఆరోపించి, రుజువుగా పెన్‌డ్రైవ్ ఇచ్చింది. 2015 జులైలో సుప్రీంకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. ఆ హార్డ్‌డిస్క్, పెన్‌డ్రైవ్ పరీక్షకు వచ్చింది హైదరాబాద్ కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలకే. హార్డ్‌డిస్క్‌ను ఎవరూ దిద్దలేదని, పెన్‌డ్రైవ్‌లోదే కల్పితమని ఆ పరీక్ష ఆధారంగా సీబీఐ 2017లో చెప్పింది. అవతలి పక్షం ఒప్పుకోలేదు. ఒకే షీటుకు రెండు రూపాలు, రెండూ అచ్చంగా ఒక్కలాగే కనబడతాయి. ఎవరి చేతిలో ఎప్పుడు ఉందన్న లెక్క తప్ప వేరే ఆధారం ఉండదు.

అందుకే ఆ పనివాళ్లు అసలు డిస్క్‌ను తెరవరు. రాతకు వీలులేకుండా అడ్డుపెట్టే పరికరంతో దాని నకలు తీస్తారు. నకలుకూ అసలుకూ హాష్ లెక్కిస్తారు. ఫైల్‌లో ఒక్క చుక్క మారినా పూర్తిగా మారిపోయే అరవై నాలుగు అక్షరాల గుర్తు అది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమంలో, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలోనే ఈ హాష్ రాయాలి. అక్కడిదాకా రావడానికి మన కోర్టులు చాలా తిరిగాయి. ధ్రువపత్రం లేకపోయినా ఫర్వాలేదని 2005లో సుప్రీంకోర్టు అంది. కాదు, ఉండాల్సిందేనని 2014లో అంది. 2020లో ఆ మాటనే మళ్లీ ఖాయం చేసింది.

చట్టంలో హ్యాకింగ్ అన్న మాట చరిత్ర కూడా ఇట్లాంటిదే. 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షన్ శీర్షికలోనే ఆ మాట ఉండేది. ఎదుటివాళ్లకు నష్టం కలగవచ్చని తెలిసి కంప్యూటర్‌లోని సమాచారాన్ని మారిస్తే చాలు, హ్యాకింగే. 2008 సవరణలో ఆ మాటనే తీసేశారు. దురుద్దేశంతో గానీ మోసంతో గానీ చేసి ఉండాలని పెట్టారు. అంటే ఏం మారిందన్నది ఒక్కటే సరిపోదు, ఎందుకు మారిందో చూపాలి. మా సార్ల బడిలో ఇంకా 2000 నాటి చట్టమే నడుస్తోంది.

యంత్రం చూపిన అంకెను కాగితంతో సరిచూడకపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2019 ఏప్రిల్ 18న వచ్చిన ఇంటర్ ఫలితాల్లో, తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా వచ్చింది. పరీక్ష రాసినవాళ్లకు రాయలేదని వచ్చింది. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. త్రిసభ్య కమిటీ వేశారు, ఫెయిలైనవాళ్ల పేపర్లన్నీ ఉచితంగా మళ్లీ చూశారు. వెయ్యికి పైగా పిల్లలు పాసయ్యారు. జవాబు పత్రాలు ఏప్రిల్ 18న కూడా అక్కడే ఉన్నాయి.

ఇక నా తప్పు. ఆ గదిలో మొదట ఫైల్ తెరిచి, అటూ ఇటూ చూసి, వేళ్ల అలవాటు కొద్దీ కంట్రోల్ ఎస్ నొక్కేశాను. పదేళ్ల ఉద్యోగం నేర్పిన అలవాటు. అంతకుముందు చివరగా సేవ్ చేసిన వినియోగదారు పేరు, సమయం రెండూ చెరిగిపోయి నావి పడ్డాయి. 2:14 మిగిలింది ఒక సారు ముందే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నందువల్ల. పేరు మిగల్లేదు. బహుశా 'అడ్మిన్' అనే ఉండేది, ఆ బడిలో అందరూ అడ్మినే. కానీ ఆ 'బహుశా' నేను తెచ్చిపెట్టినది. నకలు తీసి తెరవాలని తెలిసిన ఏకైక మనిషిని నేనే, ఆ పని చేయనిదీ నేనే.

పెద్దసారుతో చెప్పాను. మార్కులు ఎవరూ దిద్దలేదు. అర్ధరాత్రి ఎవరూ రాలేదు. సార్ట్ ఎవరు నొక్కారో చెప్పలేను.

"మరి ఆ పోరడు కాదని రాసిస్తవా?" అన్నారాయన.

"వాడని గానీ, కాదని గానీ ఈ ఫైల్ చెప్పదు సార్. నేరం జరగలేదని మాత్రం చెప్తుంది."

ఆయన కాసేపు ఆలోచించి రిజిస్టర్ వెనక నుంచి ఒక తెల్లకాగితం చింపి ఇచ్చారు. "నువ్వు ఏం చూసినవో, ఏం చేసినవో రాయి. దస్తఖత్ పెట్టు."

చాలా ఏళ్ల తర్వాత తెలుగులో పేజీడు చేత్తో రాశాను. గడియారం సంగతి, జాబితాలు పోల్చిన పద్ధతి, నేను పొరపాటున సేవ్ నొక్కిన సంగతి, నా చేతి గడియారంలో అప్పుడు టైమ్ 11:20 అని కూడా. అక్షరాలు వంకరగా వచ్చాయి. సారు పక్కన నిలబడి చదివి, "గిట్లనే రాస్తుంటివి చిన్నప్పుడు గూడ" అన్నారు.

పిల్లవాడు సోమవారం బడికి వచ్చాడట. కంప్యూటర్ గదికి మాత్రం మళ్లీ పోలేదని సారు ఫోన్‌లో చెప్పారు. బ్యాటరీ కొత్తది వేయించారు. నలభై రూపాయలైందట.