మార్సెయిల్స్ రేవు నుంచి సెల్యులార్ జైలు దాకా

ఒక దేశపు నేల మీద దొరికిన మనిషిని, ఆ దేశపు కోర్టు మెట్లెక్కించకుండానే మరో దేశం పట్టుకుపోతే చెల్లుతుందా? ఈ ప్రశ్న అంతర్జాతీయ న్యాయపీఠం ముందుకు వచ్చిన తొలినాళ్ల కేసు అండమాన్ ఖైదీది. ఆయన పేరు వినాయక్ దామోదర్ సావర్కర్.

1910 మార్చిలో లండన్‌లో అరెస్టయిన ఆయన్ని విచారణకు బొంబాయి తెస్తున్న మోరియా ఓడ జులై 7న ఫ్రాన్స్‌లోని మార్సెయిల్స్ రేవులో ఆగింది. మర్నాడు పొద్దున్నే ఆయన మరుగుదొడ్డి కిటికీ కంతలోంచి నీళ్లలోకి దూకి, ఈది గట్టెక్కి పరుగు లంకించుకున్నారు. ఎంతో దూరం పోకముందే ఫ్రెంచి పోలీసు పట్టుకున్నాడు. ఓడ నుంచి వచ్చినవాళ్లతో కలిసి మళ్లీ ఓడెక్కించేశాడు. మేజిస్ట్రేటు లేడు, అప్పగింత ఉత్తర్వు లేదు. 9వ తేదీన ఓడ కదిలిపోయింది.

ఫ్రాన్స్‌లో జాన్ జోరెస్ వంటి సోషలిస్టులు భగ్గుమన్నారు. రాజకీయ ఖైదీకి ఆశ్రయమిచ్చే దేశం ఇలా చేయవచ్చా అని నిలదీశారు. ఫ్రాన్స్ మనిషిని తిరిగిమ్మంది, బ్రిటన్ ససేమిరా అంది. చివరికి తగవు హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి చేరింది. బెల్జియం మాజీ ప్రధాని బేర్నార్ట్ అధ్యక్షతన అయిదుగురు విన్నారు. నాకు మింగుడుపడనిది ఇక్కడే ఉంది. వాది ఫ్రాన్స్, ప్రతివాది బ్రిటన్. పట్టుబడ్డ మనిషి గొంతు అక్కడ వినిపించే వీలే లేదు. పైగా హేగ్ తీర్పు రాకముందే బొంబాయి ప్రత్యేక న్యాయస్థానం ఆయనకు రెండు యావజ్జీవ ద్వీపాంతర శిక్షలు వేసేసింది. కలిపి 50 ఏళ్లు.

1911 ఫిబ్రవరి 24న తీర్పు వచ్చింది. అరెస్టులోనూ అప్పగింతలోనూ పద్ధతి తప్పిన మాట నిజమేనంది. అయితే మోసంతోనో బలవంతంతోనో ఎత్తుకుపోయిన కేసు కాదు కాబట్టి, ఫ్రెంచి పోలీసు పొరపాటుకు బ్రిటన్ ఖైదీని వెనక్కివ్వాలనే నియమం అంతర్జాతీయ న్యాయంలో లేదని తేల్చింది. తప్పును ఒప్పుకుని కూడా దిద్దని తీర్పు ఇది. ఆ జులైలోనే సావర్కర్ సెల్యులార్ జైల్లో అడుగుపెట్టారు. కొబ్బరి పీచు కొట్టారు, నూనె గానుగ తిప్పారు. 1921లో గాని అక్కడి నుంచి తరలించలేదు.

నిజంగా ఎత్తుకుపోయిన కేసులు తర్వాత వచ్చాయి. 1960లో ఇజ్రాయెల్ ఏజెంట్లు అర్జెంటీనా నుంచి నాజీ అధికారి ఐక్‌మన్‌ను పట్టుకుపోతే భద్రతా మండలి తప్పుపట్టింది. విచారణ మాత్రం ఆగలేదు, ఉరీ ఆగలేదు. మెక్సికోలో అపహరించి తెచ్చిన డాక్టర్ అల్వారెజ్‌ను విచారించవచ్చని 1992లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. స్వాజీలాండ్ నుంచి ఎత్తుకొచ్చిన ఇబ్రహీం విషయంలో మాత్రం దక్షిణాఫ్రికా అప్పీలు కోర్టు 1991లోనే ఆ విచారణ చెల్లదంది.

బ్రిటన్ దారి మార్చుకోవడానికి 1993 వరకు పట్టింది. అప్పగింత పద్ధతిని పక్కనబెట్టి దక్షిణాఫ్రికా నుంచి తెప్పించిన బెనెట్ కేసులో, ఇలా తెచ్చిన మనిషిపై విచారణను కోర్టు ఆపేయవచ్చని ప్రభువుల సభ తీర్పునిచ్చింది. అదీ హేగ్ తీర్పు వెలువడిన 82 ఏళ్లకు.