నూనె మార్చవలెనా, మానవలెనా? – ఒక గేరుపెట్టె చరిత్ర

గత వేసవిలో మా కళాశాల విద్యార్థి యొకడు తన తండ్రిని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చెను. ఆయన తెనాలి చుట్టుప్రక్కల ఇసుక, కంకర తోలుకొని జీవించు టిప్పరు యజమాని. అంతకు కొన్ని నెలల ముందు ఆయన పొరుగు రాష్ట్రమునుండి ఒక పాత టిప్పరు కొనెను. దానిలో క్లచ్చి పెడలు లేదు. గేర్లు తమంతట తామే మారును. బండి లక్షా నలుబది వేల కిలోమీటర్లు తిరిగినదని మీటరు చెప్పుచున్నది గాని, గేరుపెట్టెలోని నూనె ఎన్నడైన మార్చినట్లు తెలిపెడి కాగిత మొక్కటియు లేదు.

ఒక మెకానిక్కు, "దాన్ని కదపమాకండి బాబూ. పాత నూనె మీదే బండి నడుస్తంది. కొత్తది పోశారా, వారంలో గేర్లు జారతాయి" అని చెప్పెనట. మరియొకరు, "వెంటనే మార్చకపోతే పెట్టె కాలిపోద్ది" అనిరట. బండిమీద అప్పున్నది. గేరుపెట్టె చెడినచో, దానిని తిరిగి కట్టించుటకు ఆ కుటుంబమునకు ఎన్నో నెలల సంపాదన కావలెను. "మీరు సైన్సు మాష్టారు గదండీ, ఏం చేయమంటారు?" అని ఆయన నన్నడిగెను.

వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఇద్దరు మెకానిక్కులును అనుభవజ్ఞులే. ఇద్దరి మాటలును అనుభవమునుండి వచ్చినవే. అట్లయిన ఒకే వస్తువును గురించి రెండు విరుద్ధమైన అనుభవము లెట్లు కలిగెను? ఈ చిక్కు విడవలెనన్న ఆ గేరుపెట్టె పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొనవలెను.

మన లారీలు, మన మెకానిక్కులు

మద్రాసులో 1948లో స్థాపితమైన అశోక్ మోటార్సు 1955లో అశోక్ లేలాండ్ అయ్యెను. 1954లో టాటావారి టెల్కో సంస్థ జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సంస్థతో కలిసి జంషెడ్‌పూరులో లారీల నిర్మాణమునకు పూనుకొనెను. తెనాలి ధాన్యమును, నిమ్మకాయలను, దుగ్గిరాల పసుపును దూరదేశములకు చేర్చినవి ఈ జాతి లారీలే. 1960 దశకములో విజయవాడలో ఆటోనగరు వెలసినది. అచ్చట చిన్నవయసులో స్పానరు పట్టిన పిల్లవాడు పెద్దమేస్త్రి ప్రక్కన నిలిచి, చూచి, విని, చేతితో తడిమి విద్య నేర్చెను.

ఈ లారీలలో గేరు మార్చునది డ్రైవరు చేయి, కాలు. పెట్టెలోని చిక్కని నూనె పని స్వల్పము: పండ్ల మధ్య ఘర్షణ తగ్గించుట, కొంత వేడిని మోయుట. నూనె మార్చుట ఆలస్యమైనను ఆ పెట్టె చాలకాలము సహించును. ఆటోమేటిక్ పెట్టె అట్టిది కాదు. అందులో నూనె నాలుగు పనులు చేయును. ఇంజను శక్తిని చక్రములవైపు అందించునది అదియే. ఒత్తిడితో క్లచ్చి పలకలను అదిమిపట్టునది అదియే. ఆ పలకలు జారకుండ, కుదుపు లేకుండ అతుకుకొనునట్లు తగిన ఘర్షణ నిచ్చునది అదియే. వేడిని బయటకు మోసికొనిపోవునదియు అదియే. కావున ఇచ్చట నూనె కందెన మాత్రమే కాదు. యంత్రములో అదియు ఒక భాగము.

ఓడనుండి టిప్పరువరకు

ఈ యంత్రము మొదట రోడ్డుమీద పుట్టలేదు, ఓడలో పుట్టినది. ఆవిరి టర్బైను మిక్కిలి వేగముగ తిరుగును. ఓడను నడపు చక్రము మెల్లగ తిరుగవలెను. ఈ రెంటిని కలుపు ఉపాయమును వెదకుచు, స్టెటిన్ రేవులోని వుల్కాన్ ఓడల కర్మాగారములో పనిచేసిన హెర్మాన్ ఫోటింగర్ అను జర్మను ఇంజనీరు 1905లో ఒక పేటెంటు పొందెను. దాని సూత్రమును ఇంటిలోనే చూడవచ్చును. రెండు బల్లపంకాలను ఎదురెదురుగ నుంచి, ఒకదానికి మాత్రమే కరెంటు నిండు. దాని గాలి తాకిడికి రెండవది కూడ తిరుగనారంభించును. గాలికి బదులు నూనెను, విడిపంకాలకు బదులు మూసిన పాత్రను ఊహించుడు. అదియే ద్రవసంధానము. రెంటి నడుమ నూనెను మరలించు మూడవ చక్రమును చేర్చినచో తిప్పుడుబలము కూడ పెరుగును. దీనినే టార్క్ కన్వర్టరు అందురు.

1939లో అమెరికాలోని జనరల్ మోటార్సు సంస్థ తన ఓల్డ్స్‌మొబీలు కార్లకు 'హైడ్రమాటిక్' అను పెట్టెను ప్రకటించెను. పూర్తిగ ఆటోమేటిక్ అయి, వేల సంఖ్యలో తయారైన గేరుపెట్టెలలో ఇది మొదటిది. రెండవ ప్రపంచయుద్ధములో ఇది తేలికరకపు టాంకులలో కూడ పనిచేసెను. యుద్ధానంతరము పెద్ద బండ్లకు వ్యాపించెను.

తెలుగునేలలో ఈ రకపు పెట్టెలు పెద్దయెత్తున పనిచేయుచోటు సింగరేణి బొగ్గుగనులు. 1970 దశకములో అచ్చట ఓపెన్‌కాస్టు త్రవ్వకము మొదలైన పిమ్మట డంపర్ల అవసరము పెరిగెను. పదుల టన్నుల బరువుతో గోతినుండి ఎగుడుదారిన ఎక్కు డంపరునకు చేతిగేరు తగదు. గేరు మార్చు క్షణములో శక్తి తెగిపోవును. అట్టి డంపర్ల సంరక్షణ కిలోమీటర్లనుబట్టి గాక పనిగంటలనుబట్టి జరుగును. బండి నిలిచియున్నను ఇంజను తిరుగుచున్నంతసేపు నూనె కాగుచునే యుండును గదా! ఇంత తిరిగినదని మీటరు చెప్పు అంకె నూనె వయసును పూర్తిగ తెలుపజాలదని దీనివలన గ్రహింపవచ్చును.

తిమింగిలము చెప్పిన పాఠము

తొలినాటి ఆటోమేటిక్ నూనెలలో స్పెర్మ్ తిమింగిలపు నూనె ఒక ముఖ్యద్రవ్యము. అది సాధారణపు కొవ్వు కాదు, మైనపు జాతికి చెందినది. వేడికి తట్టుకొని, లోహమునకు పలుచని పొరగ అంటి, క్లచ్చి పలకలు మెత్తగ అతుకుకొనునట్లు చేసెడిది. అయితే వేటవలన ఆ ప్రాణి నశించు స్థితి వచ్చెను. 1970లో అమెరికా ప్రభుత్వము దానిని అంతరించిపోవు జంతువుల పట్టికలో చేర్చుటతో ఆ నూనె వాడుక నిలిచిపోయెను.

రసాయనశాస్త్రజ్ఞులు బదులుగ క్రొత్త ద్రవ్యములను కలిపిరి. మొదటి ప్రయత్నములు తిన్నగ సాగలేదు. క్రొత్త నూనె, చల్లార్చు గొట్టముల అతుకులను తినివేసినందున నీరు పెట్టెలోనికి దిగి క్లచ్చి పలకలు పాడయ్యెను. పిమ్మట తుప్పును నిరోధించు ద్రవ్యములు చేర్చి ఆ లోపమును సవరించిరి. 'క్రొత్త నూనె పోసిన పెట్టె పోవును' అను మాట ఒక కాలమున ఉత్త భ్రమ కాదని ఈ ఘట్టము తెలుపుచున్నది. అనుభవజ్ఞుని భయమును మూఢనమ్మకమని త్రోసివేయుటకు ముందు, అది ఏ నూనెను గురించి, ఏ కాలమును గురించి పుట్టినదో అడుగవలెను.

వేడిమి లెక్క

నూనెకు పెద్ద శత్రువు వేడి. ఇంజను 150 కిలోవాట్ల శక్తి నిచ్చుచుండగ, కన్వర్టరులో నూటికి పదివంతులు నష్టమైన దనుకొందము. 15 కిలోవాట్లు వేడిగ మారును. ఒక కిలోవాటు ఇస్త్రీపెట్టెలు పదిహేను ఆ నూనెలో ముంచినట్లే! వైశాఖమాసపు ఎండలో, నిండు బరువుతో, ఆగుచు సాగుచు పోవు టిప్పరు సంగతి ఊహింపవచ్చును.

ఉష్ణోగ్రత పెరిగినకొలది రసాయనచర్యల వేగ మెట్లు పెరుగునో స్వీడను దేశీయుడగు స్వాంతే ఆరీనియస్ 1889లో సూత్రబద్ధము చేసెను. దాని ననుసరించి మెకానిక్కులు వాడు ఒక మోటు లెక్క కలదు: సుమారు 80 డిగ్రీలు దాటినపిమ్మట ప్రతి 11 డిగ్రీల సెంటీగ్రేడు పెరుగుదలకు నూనె ఆయువు సగమగును. 80 డిగ్రీలవద్ద 1,60,000 కిలోమీటర్లు మన్ను ఖనిజపు నూనె, 91 డిగ్రీలవద్ద 80,000, 102వద్ద 40,000, 113వద్ద 20,000 కిలోమీటర్లకే ముగియును. సంశ్లేషిత నూనెలు ఇంతకంటె ఎక్కువ ఓర్చును గాని సూత్రము మారదు. ఈ అంకెలతో గ్రాఫు గీయించినచో, ఘాతాంకక్షయము విద్యార్థులకు చక్కగ బోధపడును.

భయమునకు మూలము

ఇక మొదటి మెకానిక్కు మాటకు వత్తము. నూనె మార్చిన వారములో చెడిన బండ్లను ఆయన కండ్లార చూచెను. కాని ఆ బండ్లు నూనె మార్పునకు ఎప్పుడు వచ్చినవి? గేర్లు జారుట మొదలైన తరువాత! బాగుగ నడుచు బండిని ఎవరును షెడ్డునకు తీసికొనిరారు. పలకలు అప్పటికే అరిగిపోయినవి. అవసానదశలో వైద్యుని పిలిచి, మందువలన రోగి చనిపోయెనని చెప్పినట్లున్నది. సకాలములో నూనె మార్చి, ఏ బాధయు లేక తిరుగు బండి ఆయన కంటబడదు. లెక్కకు రాని బండ్లే ఎక్కువ. ముందు జరిగినది తరువాత జరిగినదానికి కారణమని తలచుట విజ్ఞానమార్గములో అతి సామాన్యమైన పొరపాటు.

అందు రవ్వంత నిజమును కలదు. అరిగిన పలకల పొడి పాత నూనెలో తేలుచు కొంత ఘర్షణ నిచ్చును. క్రొత్త నూనె మడ్డిని కడిగి సన్నని మార్గములలోనికి నెట్టును. కాబట్టి మిక్కిలి పాతబడిన పెట్టెను ఒత్తిడి యంత్రముతో ఒక్కసారిగ కడుగుట మంచిది కాదు.

ఏమి చేసితిమి?

ముందు బండిని నడిపి చూచితిమి. గేర్లు జారుట లేదు, కుదుపు లేదు. నూనె వేడెక్కిన తరువాత, సమతలముపై నిలిపి, కొలబద్ద తీసి ఒక చుక్కను తెల్లకాగితముమీద వేసితిమి. ఎరుపు పోయి గోధుమవన్నెకు తిరిగినది గాని మాడువాసన లేదు. పాలవలె తెల్లగ లేదు గనుక నీరు కలిసిన జాడ లేదు. నమూనాను పరీక్షాశాలకు పంపితిమి. ఇనుము, రాగి రేణువులు హద్దు దాటలేదు. ఆమ్లత మాత్రము పెరిగినది. అనగా పెట్టె బాగున్నది, నూనె ముసలిదైనది. మార్చుటకు ఇదియే సరియైన అదను. నూనె నల్లబడి, మాడువాసన కొట్టుచు, గేర్లు జారుచున్నట్లయిన, నూనె మార్పుతో సరిపోదు, పెట్టె విప్పవలసినదేయని చెప్పియుందును.

అడుగు బిరడా విప్పినంతమాత్రమున నూనె అంతయు రాదు. చాలభాగము కన్వర్టరులో నిలిచిపోవును. ఒక విడతకు నూటికి నలుబది వంతులు వచ్చిన దనుకొందము. మొదటిసారి 60 వంతులు, రెండవసారి 36, మూడవసారి 22 వంతుల పాత నూనె మిగులును. అందుచే నడుమ కొన్ని రోజులు బండిని నడుపుచు మూడు విడతలుగ మార్చితిమి. తయారీదారు పుస్తకములో చెప్పిన రకపు నూనెనే పోసి, ఫిల్టరు మార్చితిమి. ఈ పని చేసినవాడు, 'కదపమాకండి' అని చెప్పిన మొదటి మెకానిక్కే. ఆయన చేతిపని నైపుణ్యమునకు సాటి లేదు.

ఆ టిప్పరు వానకాలము దాటి నేటికిని తిరుగుచున్నది. ఇది ఒక్క బండి కథ. దీనినిబట్టి సూత్రము చేయరాదు. కాని ఆ యజమాని ఇప్పుడు సీటుక్రింద ఒక నోటుపుస్తక ముంచినాడు. నూనె మార్చిన తేదీ, కిలోమీటర్లు, పనిగంటలు, నూనె రంగు అందులో వ్రాసియున్నవి. ఆ వ్రాత వాని కుమారునిది. ఆ బండిని రేపు కొనువానికి, నాకు వచ్చిన చిక్కు రాదు.