శనివారం నాడు రెండు సమాధులు

ఈస్టర్ ముందు శనివారం మా ఇంట్లో పొయ్యి వెలగదు. ఉపవాసం అనుకునేరు, కాదు, తీరిక లేక. రాత్రి మిగిలిన అన్నంలో ఇంత పెరుగు కలుపుకుని తినేసి, మగవాళ్ళు సున్నం బకెట్లు, కుంచెలు పట్టుకుని సమాధుల తోటకి పోతారు. మేం చీపుళ్ళు, పాత తెల్లచీరలు, గుండుసూదుల డబ్బా పట్టుకుని చర్చికి పోతాం. ఎండ తగ్గాక మేమూ తోటకి వెళ్ళి, సున్నం ఆరిన సమాధుల మీద పూలు సర్దాలి. అంటే ఒక్కరోజులో రెండు సమాధులకి సింగారం. తోటలో ఉన్నది నిజమైనది, స్టేజీ మీద ఉన్నది మేం కట్టింది.

మన వైపు చర్చిల సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. శుభ శుక్రవారం పన్నెండింటి నుంచి మూడింటిదాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు. (ఈ మూడు గంటల ఆరాధన ఎక్కడ మొదలైందనుకున్నారు? పెరూ దేశంలోని లీమాలో, 17వ శతాబ్దం చివర, ఒక జెస్యూట్ గురువు మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి మన ఇబ్రహీంపట్నం దాకా వచ్చింది!) ఆ రోజు వేదిక మీద సిలువ, దానికి నల్లగుడ్డ. ఇంకేమీ ఉండవు. ఆదివారం తెల్లవారుజామున అదే వేదిక తెల్లగా, పూల వాసనతో కనబడాలి. మధ్యలో ఉన్నది ఒక్క శనివారం.

మా స్టేజీకి ఇరవై ఏళ్ళకు పైగా పేరు తెచ్చింది మా అత్తయ్య చేసిన రాయి. వెదురు తడికెను గుండ్రంగా కట్టి, మీద గోనెసంచులు కుట్టి, మైదా జిగురుతో న్యూస్‌పేపర్లు అంటించి, ఆరాక జిగురులో బూడిద కలిపి పూసేది. మా ఊళ్ళో థర్మల్ స్టేషన్ ఉందిగా, బూడిద ఇటుకలు చేసేవాళ్ళ దగ్గర అడిగితే సంచీడు పోస్తారు. పక్కనున్న కొండపల్లిలో బొమ్మలకి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు కదా, ఆ ఉపాయమే ఈవిడ తన పద్ధతిలో వాడుకుంది. మనిషంత ఎత్తు రాయి, ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తితే లేస్తుంది. ఈస్టర్ అయిపోగానే చర్చి వెనక రేకుల గదిలోకి పోతుంది. ఏటా పగిలిన చోట కొత్త పేపరు, కొత్త బూడిద.

అత్తయ్య పోయిన ఆగస్టులో పోయింది.

ఈ మార్చిలో మీటింగు జరిగింది. ఈసారి డెకరేటర్‌కి ఇచ్చేద్దాం, ఎల్ఈడీ తెర పెడతాడు, థర్మోకోల్ ఆర్చీ కడతాడు, జర్బరా పూలు బెంగళూరు నుంచి తెప్పిస్తాడు అన్నారు. సరే అన్నాం. మా నడుములకీ సుఖమే. చివర్లో ఒక పెద్దాయన, "మరి ఆ గోనెసంచుల రాయి తీసేయిద్దామమ్మా. అసలు స్టేజీలు అలంకరించమని బైబిల్లో ఎక్కడుంది?" అన్నారు. "ఎల్ఈడీ తెర ఏ అధ్యాయంలో ఉందండీ?" అని మా తోడికోడలు అనేసింది. అందరూ నవ్వారు గానీ ఆ ప్రశ్న నాతో ఇంటికొచ్చింది. చదివింది బి.ఏ. తెలుగే అయినా, ఒక సంగతి పట్టుకుంటే వదలను నేను. మూడు వారాలు మధ్యాహ్నం నిద్ర మానేసి పుస్తకాలూ, ఫోనూ వెతికాను.

మొదట దొరికింది ఒక ఆడమనిషి. పేరు ఎగేరియా. 381-384 సంవత్సరాల మధ్య పడమటి ఐరోపా నుంచి యెరూషలేము యాత్రకి వెళ్ళి, తను "అక్కచెల్లెళ్ళు" అని పిలుచుకునే ఊరి స్త్రీలకి అక్కడి సంగతులన్నీ లాటిన్‌లో ఉత్తరంగా రాసింది. పాత రాతప్రతి ఒకటి 1884లో ఇటలీలోని అరెజ్జోలో దొరికింది. అందులోనూ కొన్ని పేజీలు పోయాయి. ఆవిడ ఏం రాసిందో చూడండి: యేసు సమాధి ఉన్న చోట కాన్‌స్టంటైన్ చక్రవర్తి కట్టించిన గుడిని, తన తల్లి దగ్గరుండగా, బంగారంతో, పాలరాళ్ళతో అలంకరించాడట. పండుగకి బంగారు చారల పట్టు తెరలు కట్టేవారట. ఈస్టర్ ఎనిమిది రోజులూ ఆ అలంకరణ అలాగే ఉండేదట. మట్టల ఆదివారం నడవలేని పసిపిల్లల్ని కూడా భుజాల మీద ఎత్తుకుని, చేతిలో ఖర్జూరపు మట్టలు, ఒలీవ కొమ్మలు పెట్టి తెచ్చేవారట. గుడిలో ఏ తెరలు కట్టారో, పిల్లలు ఏం పట్టుకొచ్చారో చూసి ఇంటికి రాసింది. పదహారువందల ఏళ్ళ కిందట మన బ్లాగులాంటిదే కదూ?

అంటే ఈస్టర్ అలంకరణ అనేది మొదలైందే ఒక సమాధి దగ్గర. ఆ సమాధికి మొదట బయల్దేరిందీ ఆడవాళ్ళే. మార్కు సువార్తలో మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే ముగ్గురూ సుగంధద్రవ్యాలు కొనుక్కుని పెందలాడే, సూర్యోదయం వేళకి వెళ్తారు. దారిలో వాళ్ళ దిగులు ఒక్కటే, ఆ రాయి ఎవరు దొర్లించిపెడతారా అని. ఎంత ఇంటిమనిషి దిగులో! యోహాను సువార్త ప్రకారం ఆ సమాధి ఉన్నది తోటలో. మరియ మొదట ఆయన్ని తోటమాలి అనుకుంటుంది. స్టేజీ మీద మొక్కలు పెట్టడానికి ఇంతకన్నా ఏ ఆధారం కావాలి?

తర్వాత కథ ఇంగ్లండుకి పోతుంది. అక్కడ నా మనసు చాలాసేపు ఆగిపోయింది. పదో శతాబ్దంలో, 970ల ప్రాంతంలో, వించెస్టర్‌లో మఠాల కోసం ఒక నియమావళి రాశారు. ఈస్టర్ తెల్లవారుజామున ఒక సన్యాసి తెల్లబట్టలు కట్టుకుని, చేతిలో మట్ట పట్టుకుని సమాధిలాంటి చోట కూర్చోవాలి. ముగ్గురు సన్యాసులు ధూపపు పాత్రలు పట్టుకుని, ఏదో వెతుక్కుంటున్నట్టు మెల్లగా అడుగులు వేస్తూ రావాలి. ప్రశ్న, జవాబు. తర్వాత ఖాళీ గుడ్డ ఎత్తి అందరికీ చూపించాలి, గంటలు మోగాలి. ఐరోపాలో నాటకం మళ్ళీ మొలకెత్తింది ఇక్కడేనని చెప్తారు. మన యౌవనస్థులు వేసే ఈస్టర్ స్కిట్‌కి ముత్తాత అన్నమాట. ఆ ముగ్గురు ఆడవాళ్ళ వేషాలూ మగవాళ్ళవేనని చదివి, మన సురభికి ముందు నాటకాల్లో స్త్రీపాత్రల సంగతి గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఆ తర్వాతి శతాబ్దాల్లో ఇంగ్లండు చర్చిల్లో ఈస్టర్ సమాధి ఒక ఆచారం అయిపోయింది. కొన్నిచోట్ల చెక్కతో కట్టి తీసేసేది, కొన్నిచోట్ల గోడలో రాతి గూడు. లింకన్‌షైర్‌లోని హెకింగ్టన్‌లో 14వ శతాబ్దపు రాతి గూడు, కింద నిద్రపోతున్న కావలి సైనికుల బొమ్మలతో సహా, ఇప్పటికీ ఉంది. శుక్రవారం సిలువను గుడ్డలో చుట్టి అందులో పెట్టేవారు, ఆదివారం వేకువనే తీసేవారు. రాత్రిళ్ళు కాపలా ఉన్నవాళ్ళకి రొట్టె, సారాయి ఇచ్చిన ఖర్చు చర్చి లెక్కల్లో ఉంటుంది. (మా కుర్రాళ్ళకి టీ, బిస్కెట్లు. అదీ లెక్కలో రాస్తాం.) ఇంట్లో మంచి దుప్పటి ఈస్టర్ సమాధి మీద కప్పమని వీలునామాలో రాసినవాళ్ళున్నారు. కలిగినవాళ్ళు కొందరు, తమ సమాధినే ఏటా ఈస్టర్ సమాధిగా వాడమని రాసుకున్నారు.

ఇది చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. నిజం సమాధి, స్టేజీ సమాధి వేరుకాదని వాళ్ళకి ఎప్పుడో తెలుసు.

16వ శతాబ్దంలో ఆరవ ఎడ్వర్డు కాలంలో ఇదంతా మూఢాచారమని తీసిపారేశారు. ఆ సాదా చర్చి వారసులే మన తీరానికి వచ్చారు. 1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో దిగారు. 1843లో నోబుల్ గారు బడి పెట్టారు. 1859లో రాఘవాపురం పగోలు వెంకయ్య బెజవాడలో డార్లింగ్ దొర దగ్గరికి వెళ్ళాడు. అప్పటినుంచే ఈ చుట్టుపక్కల పల్లెల్లో సంఘాలు పెరిగాయి. దొరలు సాదాగానే ఉండమన్నా, మన పల్లెవాళ్ళు పండుగను సాదాగా ఉంచుతారా? అత్తయ్య పుట్టిల్లు నందిగామ వైపు. తన చిన్నప్పుడు వాళ్ళ గుడి తాటాకు పాకేనట. ఈస్టర్‌కి నేల పేడతో అలికి, ముగ్గు పెట్టి, గుమ్మానికి మామిడాకు తోరణం, రెండు వైపులా అరటిబోదెలు నిలబెట్టేవారట. "అది ఇంకొకరి ఆచారమని ఎవరూ అనలేదా అత్తయ్యా?" అంటే, "అరటిచెట్టుకి మతమేంటమ్మాయ్" అనేది.

అలా అనుకున్న బిషప్పు కూడా ఒకరున్నారు లెండి. 1912లో ఆంగ్లికన్ చర్చికి మొదటి భారతీయ బిషప్పు అయిన అజరయ్య గారు. దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కతీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. ఇంగ్లీషు చర్చి నమూనా కాదు, గుమ్మటాలు, మినార్లు, మన స్తంభాలు అన్నీ కలిసిన కట్టడం. మన ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు కూడా తర్వాత ఆయన డయోసిస్‌లోకే వచ్చాయి.

ఇక ఎల్ఈడీ తెర మాట. నేను దానికి శత్రువుని కాను. వేదిక వెనక బొమ్మ ఉండటం కొత్తేమీ కాదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిన మెదక్ చర్చిలో బలిపీఠం వెనక రంగుటద్దాల కిటికీలో ఆరోహణం బొమ్మ ఉంది. కాకపోతే దాని వెనక వెలుగు సూర్యుడిది. పొద్దుగూకాక లోపలినుంచి చూస్తే నల్లటి అద్దమే. తెల్లవారేకొద్దీ బొమ్మ మెల్లగా పుడుతుంది. ఈస్టర్ వేకువకి అంతకన్నా తగిన అలంకరణ ఏముంటుంది? కానీ మా చర్చికి తూర్పు గోడలో కిటికీయే లేదు.

పూల సంగతి కూడా చెప్పాలి. క్యాలెండర్లలో ఈస్టర్ అంటే తెల్లటి బాకాలాంటి లిల్లీ ఉంటుంది. అది జపాను దక్షిణ దీవుల పువ్వు, మన ఎండకి నిలవదు. మన వన్‌టౌన్ పూలమార్కెట్లో "లిల్లీ" అని కిలోల్లెక్కన తూచి ఇచ్చేది నేలసంపెంగ. దాని పుట్టిల్లు మెక్సికో. అయినా పేరు కలిసింది, రంగు కలిసింది, వాసనలో ఇదే గెలిచింది. మల్లెల మాటకొస్తే, ఈస్టర్ ఎప్పుడొస్తుందో దాన్నిబట్టి ధర. 325లో నికయ మహాసభ ఈ పండుగ అందరికీ ఒకే ఆదివారం రావాలని తేల్చింది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి చూసుకుని ఆ పైన ఆదివారం. అందుకే మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య తిరుగుతుంది. పోయినేడు ఏప్రిల్ 20న వచ్చింది, మల్లెలు గంపలతో పోశారు. ఈసారి ఏప్రిల్ 5, మూర లెక్కన కొన్నాం.

తెల్లవారుజామున సమాధుల దగ్గరికి వెళ్ళే అలవాటుకీ చరిత్ర ఉంది. 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ సంఘపు యువకులు ఈస్టర్ రోజు సూర్యుడు రాకముందే ఊరి శ్మశానానికి వెళ్ళి పాటలు పాడారు. సూర్యోదయ ఆరాధన అక్కణ్ణుంచి లోకమంతా పాకిందంటారు. మనవాళ్ళు దానికి సున్నం, పూలు, కొవ్వొత్తులు, చనిపోయినవాళ్ళకి ఇష్టమైన పాట కలిపారు.

మళ్ళీ మీటింగుకి ఇదంతా రాసుకుని వెళ్ళాను. చదవనివ్వలేదు, టైము లేదన్నారు. పెద్దాయన మాత్రం కాగితాలు తీసుకెళ్ళి రెండోరోజు ఫోన్ చేశారు. "అమ్మా, ఆ దుప్పటి వీలునామా సంగతి బాగుంది. డ్రమ్ సెట్టు పక్కన మూల ఖాళీగానే ఉంటుంది, రాయి పెట్టుకోండి" అన్నారు. మూలే. అయినా సరే.

శుక్రవారం ఏడు మాటలు అయ్యాక తోడికోడలూ నేనూ రేకుల గది తెరిచాం. ఎలుకలు ఒక పక్కంతా కొట్టేశాయి. చెడిన పేపరు పొరలు పొరలుగా ఒలుస్తూ పోతే, లోపల ఒకచోట 2004 కృష్ణా పుష్కరాల ఘాట్ల వార్త బయటపడింది. నా పెళ్ళయిన ఏడాది. అంటే 2005 ఈస్టర్‌కి అంటించింది అయ్యుండాలి. ఆ ఏడు మైదా ఉడికించింది నేనే. ఉండలు కట్టిందని అత్తయ్య చీవాట్లు పెట్టింది. ఆ ముక్క ఒలవకుండా వదిలేసి, దాని మీద మొన్నటి పేపరు అంటించాం. బూడిద చాలక మా చిన్నాడు స్కూటీ మీద వెళ్ళి ఇంకో సంచీ తెచ్చాడు.

శనివారం సాయంత్రం అత్తయ్య దగ్గరికి వెళ్ళాం. ఇంకా కట్టించలేదు, మట్టి దిబ్బే. సున్నం వేయడానికి గోడ లేదు. మట్టి తడిపి, చేత్తో చదును చేసి, చుట్టూ లిల్లీలు గుచ్చాం. ఆదివారం నాలుగింటికి మళ్ళీ వెళ్ళేసరికి కొవ్వొత్తి వెలుగులో అవి అలాగే నిలబడి ఉన్నాయి.

చర్చిలో ఎల్ఈడీ తెర బాగానే వెలిగింది. ఆరాధన అయ్యాక మాత్రం పిల్లలందరూ డ్రమ్ సెట్టు పక్క మూలకే చేరారు. మన సండేస్కూలు పిల్లల గురించి తెలుసుగా, రాయి దొర్లించిందాకా ఊరుకోలేదు. ఒక అంచు పూర్తిగా ఊడిపోయింది. వచ్చే ఏడాది ఈస్టర్ మార్చి 28నే. ఫిబ్రవరిలోనే గది తెరవాలి.