రొట్టె అను మాట

మా చిన్ననాట ఇంటికి బ్రెడ్డు వచ్చినదనిన, ఎవరికో జ్వరము తగిలినదని అర్థము. లంఖణములు ముగిసిన రోగికి వేడిపాలలో నాన్చి పెట్టు పథ్యమది. దానితో కడుపు నిండినదని చెప్పినవారిని మేమెరుగము. ఆ ముక్కలు తిన్న పిల్లవాడు గడియ గడువకముందే "అన్నం ఎప్పుడు పెడతావమ్మా?" అని తల్లిని వేధించెడివాడు. ఇట్టి ఇండ్లలో పెరిగినవారికి, ఒక దేశమున రొట్టెకు జీవితమనియే పేరున్నదనిన వింతగా తోచును. ఆ పేరును పట్టుకొని రొట్టె అను మాట పుట్టుపూర్వోత్తరములు కొంత విచారించితిమి. విచారింపగా, పిండి నీళ్ళ కథకంటె పెట్టువారికిని తినువారికిని నడుమ జరిగిన కథయే మాకెక్కువగా కనబడినది.

ఇంగ్లీషువారినుండి మొదలుపెట్టుదము. వారు ఇప్పుడు బ్రెడ్ అనుదానిని వారి పూర్వులు హ్లాఫ్ అనిరి. ఆ మాట 'లోఫ్' అను రూపమున నేటికిని మిగిలియున్నది గాని, కోయకముందున్న నిండు రొట్టెకు మాత్రమే పరిమితమైనది. బ్రెడ్ అను మాట పాత ఇంగ్లీషు గ్రంథములలో మిక్కిలి అరుదు. దానికి మొదట ముక్క, తునుక అను అర్థముండెనని కొందరు పండితులందురు. పిండి పులిసి పొంగుటనుబట్టి వచ్చిన పేరని మరికొందరందురు. ఏమైనను 1200 ప్రాంతమునకు ఈ చిన్నమాట పెద్దమాటను ప్రక్కకు నెట్టి దాని పీటమీద కూర్చున్నది. గ్రీకు దేశముననుకూడ ఇట్టిదే జరిగినది. ప్రాచీన గ్రీకులకు రొట్టె ఆర్తోస్. నేటి గ్రీకులకు ప్సోమి. ఈ ప్సోమికి మూలార్థము ముద్ద, తునుక. ఆర్తోస్ ఇప్పుడు చర్చిలోను, రొట్టెల అంగళ్ళ పేరులోను నిలిచియున్నది. ఇది మనకు తెలియని పద్ధతి కాదు. ఇంటికి వచ్చిన చుట్టమును "నాలుగు మెతుకులు తిని వెళ్ళండి" అని పిలిచినప్పుడు నాలుగే మెతుకులు వడ్డించిన ఇల్లాలు ఉన్నదా?

హ్లాఫ్ పోయినను దాని సంతానము పోలేదు. రొట్టెకు కాపరియైనవాడు హ్లాఫ్‌వెయర్డ్. నోళ్ళలో నలిగి నలిగి ఆ మాటయే లార్డ్ అయినది. రొట్టెపిండి పిసుకునది హ్లాఫ్‌దీయె; ఆమెయే లేడీ. మన దేశమును ఏలిన లార్డు బిరుదుల వెనుక ఒక రొట్టెల గంప ఉన్నదని ఆనాడు ఎందరికి తెలియును! అయితే ఆ కుటుంబమున మూడవ మాట ఒకటి కలదు. యజమాని పెట్టగా తిని పనిచేయు సేవకుని హ్లాఫ్‌ఏటా, అనగా రొట్టె తినువాడు అనిరి. కెంటు రాజ్యమునేలిన ఎథెల్బెర్టు 600 ప్రాంతమున వ్రాయించిన శాసనము ఇంగ్లీషులో మనకు దక్కిన ధర్మశాసనములలో మొదటిది. అందులో ఈ రొట్టె తినువాడు కనబడును. సామాన్య గృహస్థుని రొట్టె తినువానిని ఎవడైన చంపినచో 6 షిల్లింగులు పరిహారమిచ్చుకొనవలెనట. వాని పేరేమో, ఊరేమో శాసనమునకు అక్కరలేదు. ఎవరి రొట్టె తినుచున్నాడన్నదే వాని గుర్తు. కాపరి మాటయు పిసుకునామె మాటయు పెరిగి పెద్దవై సింహాసనముల దరి చేరినవి. తినువాని మాట భాషనుండియే జారిపోయినది.

లాటినువారి రొట్టె పానిస్. ఒకే రొట్టెను కలిసి తినువాడు కంపానియన్. అట్టివారి గుంపు కంపెనీ. ఇప్పుడు కంపెనీ అనగానే వాటాలు, లాభనష్టములు స్ఫురించును గాని రొట్టె స్ఫురింపదు. ఈ పానిస్ పోర్చుగీసువారి నోట పావ్‌గా మారి ఓడలెక్కి గోవాకు వచ్చినది. మరాఠీవారి పావ్ అదియే. కాళ్ళతో తొక్కి పిసికిరి గనుక పావ్ అనియు, పావు వంతు గనుక పావ్ అనియు చెప్పు కథలు ఊహాజనితములు. జపానువారు నేటికిని రొట్టెను పాన్ అనుటకు కారణముకూడ ఆ పోర్చుగీసు ఓడలే. హైదరాబాదువారు దీనినే డబుల్ రొట్టె అనిరి. రొట్టె అనునది వేదకాలపు మాట కాదు. ఋగ్వేదమున అపూపము కలదు గాని రొట్టె లేదు. సంస్కృతమున రోటిక అను రూపము 16వ శతాబ్దపు వైద్యగ్రంథమైన భావప్రకాశమున కనబడును.

యూదుల హీబ్రూలో రొట్టె లెహెమ్. అరబ్బీలో అదే ధాతువునుండి వచ్చిన లహ్మ్ అను మాటకు మాంసమని అర్థము. ఒక కడుపున పుట్టిన రెండు మాటలు ఇంత దూరమెట్లు పోయినవి? తొలుత ఆ మాటకు తిండి అనియే అర్థముండెననియు, గోధుమ పండించినవారికి రొట్టెగాను, మందలు మేపినవారికి మాంసముగాను అది స్థిరపడినదనియు పండితులు ఊహించిరి. బేత్లెహేము అనిన హీబ్రూవారికి రొట్టె ఇల్లు. అరబ్బులు అదే ఊరిని మాంసపు టిల్లను అర్థము వచ్చునట్లు పలుకుచున్నారు. బైబిలును తెనిగించినవారికి ఈ చిక్కు తెలిసియే ఉండును. చేతితో విరిచి పంచుచోట వారు రొట్టె అని వ్రాసిరి. ప్రతిదినము ప్రార్థించి అడుగుచోట మాత్రము అనుదినాహారమనిరి. తెలుగువాడు ఆకలిగొని దేవుని రొట్టె అడుగడని వారెరుగుదురు.

రొట్టెకు జీవితమని పేరు పెట్టినది ఈజిప్టువారు. తక్కిన అరబ్బులు ఖుబ్జ్ అనుదానిని వారు ఏష్ అందురు. బ్రతుకుట అను అర్థముగల ధాతువునుండి వచ్చినదది. మనము వినియున్న ఆయిషా అను పేరుకూడ ఆ ధాతువుదే. ఇది కవి కల్పించిన అలంకారము కాదు, బజారు మాట. 1977 జనవరిలో అక్కడి ప్రభుత్వము తిండిపదార్థములపై ఇచ్చు రాయితీని తగ్గింపబోగా 18, 19 తేదీలలో నగరములన్నియు అట్టుడికినవి. ప్రాణనష్టముకూడ జరిగినది. ప్రభుత్వము వెంటనే ఆ ఉత్తరువును రద్దుచేసికొనెను. 2011లో కైరో వీథులలో జనులెత్తిన నినాదమునకుకూడ మొదటి మాట ఏష్; స్వేచ్ఛ, సామాజిక న్యాయము దాని తరువాతివి. ఆ మొదటి కేకను రొట్టె అని తెనిగించినను, బ్రతుకు అని తెనిగించినను తప్పు కాదు.

ఇక మన అన్నము. తినుట అను అర్థముగల అద్ ధాతువునుండి పుట్టినది గనుక తినబడునదెల్ల అన్నమే. ఇంగ్లీషువారి 'ఈట్' దీనికి దూరపు చుట్టము. తినబడునదియు, తినునదియు గనుక అన్నమైనదని తైత్తిరీయోపనిషత్తు చెప్పును. అది ఏ ధాన్యమని ఆ మాట అడుగలేదు. శ్రీనాథునివని చెప్పుకొను చాటువులలో పలనాటి తిండిని ఎత్తిపొడుచు పద్యమొకటి కలదు. సన్నన్నము దొరకలేదని విసుగుకొనుచునే ఆ పద్యమున జొన్నన్నమను మాట వాడిరి. అనగా జొన్నకుకూడ అన్నమను గౌరవము ఉండెడిది. కొర్రన్నమును అట్టిదే.

ఆ గౌరవము నీటితో పోయినదని మా అభిప్రాయము. 1852లో ధవళేశ్వరమున గోదావరికి, తరువాత మూడేండ్లకు బెజవాడలో కృష్ణకు ఆనకట్టలు లేచినవి. డెల్టాలలో వరి విస్తరిల్లినది. మెట్టసీమలలో మాత్రము వరి అన్నము పండుగనాటి తిండిగనే ఉండెను. 1967లో నాగార్జునసాగరపు నీరు కాలువలకు వదలిరి. శ్రీనాథుడు ఈసడించిన పలనాటిలోనే వరి పండినది. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో బియ్యము రెండు రూపాయలకు ఈయసాగిన పిమ్మట బీదవాని కుండలోనికికూడ బియ్యము చేరినది. ఆకలి తీర్చిన ఆ బియ్యమును తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. కాని అన్నమనిన ఇక వరి మాత్రమే అయినది.

దీని నడుమ నలిగిపోయినది కూడు. అది మన సొంత మాట. తమిళుల కూళ్, కన్నడిగుల కూళు దీని తోబుట్టువులు. అన్నము మర్యాదస్థుల విస్తరిలో చేరగా కూడు పాలేరు చట్టిలో మిగిలినది. పాడి పశువునకు కుడితి, జీతగానికి కూడు అనునంతవరకు దిగజారినది. నేడు అతిథిని "కూడు తిన్నారా?" అని అడిగినవాడు బ్రతికి బయటపడడు. అయినను కూటికొరకు కోటి విద్యలనియే అందుము. అక్కడ అన్నమును పెట్టి చూడుడు, మాట అతుకదు. హ్లాఫ్‌ఏటాకు పట్టిన గతి దీనికింకను పట్టలేదు.

ఈ మధ్య మధుమేహము వచ్చినవారికి వైద్యులు రాత్రిపూట బియ్యము తగ్గించి జొన్న తినుమని చెప్పుచున్నారు. హైదరాబాదులో సాయంకాలమైనచో వీథుల ప్రక్కన స్త్రీలు జొన్నరొట్టెలు చరచి అమ్ముచున్నారు. కొనువారు కార్లు ఆపి నిలుచుందురు. అట్లు రెండు రొట్టెలు తిని వచ్చిన మా మిత్రుని భోజనమైనదా అని అడిగితిమి. "ఎక్కడండీ, రొట్టెలు తిన్నాను. అన్నం మానేసి ఆరునెల్లయింది" అని ఆయన నిట్టూర్చెను.